ఆరో స్థానానికి నలభై సంచులు

శనివారం పొద్దున్నకు వెర్లిన్ స్టకీ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏ పనీ చెయ్యకుండా ఇంట్లో కూర్చోవాలి. అంతే. వినడానికి సులువుగానే ఉంటుంది కానీ, ముప్ఫై నాలుగేళ్లుగా లటర్‌మన్ కాలేజ్ బేస్‌బాల్ మైదానాన్ని కంటికి రెప్పలా చూసుకుంటున్న మనిషికి, కిటికీ అవతల వాన కురుస్తుంటే ఊరికే కూర్చోవడం నిప్పుల మీద కూర్చోవడమే. వాన వస్తోందంటే మైదానం మధ్యలోని ఎర్రమట్టి మీద టార్పాలిన్ కప్పాలి. అతని ఉద్యోగంలో అసలు ముక్క అదే. శుక్రవారం సాయంత్రం రేడియోలో తెల్లవారుజామున వాన పడుతుందని చెప్పారు. వెర్లిన్ శ్రద్ధగా విన్నాడు. విని, టార్పాలిన్‌ను చుట్ట చుట్టి కంచె వారగా దొర్లించేసి, ఇంటికొచ్చి భోంచేసి పడుకున్నాడు.

"వాన పడుతోంది, వెర్లిన్," అంది భార్య నడీన్, కాఫీ పోస్తూ.

"వినపడుతోంది."

"కప్పి వచ్చావా?"

"ఆఁ," అన్నాడు.

నలభై ఒక్క ఏళ్ల కాపురంలో అత్తగారి వంట గురించి చెప్పినవి మినహాయిస్తే అతను ఆడిన మొదటి అబద్ధం అది.

మనిషి చెడ్డవాడు కాడు. కారణం ఉంది. ఫిబ్రవరిలో కాలేజ్ వాళ్లు అందరికీ ఒక ఉత్తరం పంపారు. ఈ ఏడాదితో బేస్‌బాల్ జట్టును ఎత్తేస్తున్నాం, మైదానం ఉన్నచోట నర్సింగ్ విద్యార్థులకు భవనం కడుతున్నాం, ఇన్నాళ్ల మీ అభిమానానికి కృతజ్ఞతలు అని. ఎవరి మీదా కోప్పడటానికి వీల్లేకుండా రాశారు. నర్సుల మీద ఎవడు కోప్పడతాడు? వెర్లిన్ ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదివి, మడిచి, గడ్డికోసే బండి సీటు కింద పెట్టాడు. మంచు కరిగిన దగ్గర్నుంచి రోజూ దాని మీద కూర్చునే గడ్డి కోస్తున్నాడు.

అయితే చావు కబురు విన్న జట్టుకు ఏం పూనకం వచ్చిందో గానీ, ఆ ఏడాది బాగా ఆడటం మొదలుపెట్టింది. లటర్‌మన్ ఆడే లీగులో, అక్కడివాళ్లు దాన్ని కాన్ఫరెన్స్ అంటారు, తొమ్మిది కాలేజీలు. ఒకదాని మీద ఒకటి పళ్లు నూరుకునే కాలేజీలు. అందులో మొదటి ఆరింటికే చివర్లో జరిగే టోర్నమెంట్‌లో చోటు. లటర్‌మన్ చివరిసారి ఆ ఆరింటిలో చేరి పదకొండేళ్లయింది. ఇప్పుడు చివరి రోజుకు పన్నెండు గెలుపులు, పదకొండు ఓటములతో సరిగ్గా ఆరో స్థానంలో నిలిచింది. వెనకే ఓస్‌గుడ్ కాలేజ్, పదకొండు గెలుపులు, పన్నెండు ఓటములతో మడమలు కరుస్తోంది. ఇవాళ మనవాళ్లు ఓడి, ఓస్‌గుడ్ గెలిస్తే ఇద్దరూ సమానం. సమానమైతే, ఏప్రిల్‌లో మనల్ని ఓడించింది వాళ్లు కాబట్టి ఆరో స్థానం వాళ్లది.

ఇవాళ్టి ప్రత్యర్థి మార్‌బరీ. ఆ జట్టు పట్టికలో మొదటి స్థానంలో ఉంది. నిన్ననే మనవాళ్లను ఒకే మధ్యాహ్నంలో రెండుసార్లు చితక్కొట్టింది. మూడోసారి కొట్టకుండా వదిలేస్తుందని నమ్మేవాడు ఊళ్లో ఎవడూ లేడు. కానీ చివరి రోజు ఆట వానవల్ల ఆగిపోతే మళ్లీ ఆడించరు. అది కాన్ఫరెన్స్ నియమం. ఆడకపోతే ఓటమి పడదు. ఓటమి పడకపోతే ఓస్‌గుడ్ తలకిందులుగా తపస్సు చేసినా మనల్ని అందుకోలేదు. వెర్లిన్ చదివింది హైస్కూలు దాకానే అయినా ఈ లెక్కను వంటింటి క్యాలెండర్ వెనక నాలుగుసార్లు వేసి చూశాడు. నాలుగుసార్లూ ఒకటే జవాబు.

అతనికి కావలసింది కప్పూ కాదు, కీర్తీ కాదు. జట్టు ఆరో స్థానంలో ఉంటే, గురువారం వేరే ఊళ్లో టోర్నమెంట్. అంటే సోమ, మంగళ, బుధవారాలు కుర్రాళ్లు ఇక్కడే సాధన చేస్తారు. ఇంకో మూడు రోజులు అతను పొద్దున్నే ఎర్రమట్టిని దువ్వి, సున్నంతో తెల్లటి గీతలు గీసి, అవి చెరిగిపోవడం చూడవచ్చు. ఆ మూడు రోజుల కోసమే ఆ మనిషి అబద్ధం ఆడింది.

తొమ్మిదింటికి వాన వెలిసింది. పదిహేను నిమిషాలు ఆగి, మొహానికి విచారం తగిలించుకుని, చెరువును చూడబోతున్నానన్న ధీమాతో వెర్లిన్ మైదానానికి వెళ్లాడు. అక్కడ చెరువు లేదు. నాలుగు గుంటల్లో నీళ్లున్నాయి, అవి కూడా అతను చూస్తుండగానే గుటకలు వేస్తూ దిగిపోతున్నాయి. ఇరవై రెండేళ్ల కిందట, కాలేజ్ వాళ్లు డబ్బు లేదంటే, ఒక వేసవంతా తనే పార పట్టి తవ్వి, కింద గులకరాళ్లు, గొట్టాలు పరిచాడు. అయోవాలో ఇంత తొందరగా ఆరే మైదానం ఇంకోటి లేదని తనే అందరికీ చెప్పుకునేవాడు.

"ఇంత బాగా ఎవడు చెయ్యమన్నాడురా నిన్ను?" అని తనను తనే తిట్టుకున్నాడు.

అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. రబ్బరు గొట్టం లాగి, కొళాయి తిప్పి, ఆటగాళ్లు పరిగెత్తే దారిలోని రెండో బేస్ దగ్గర నీళ్లు పెట్టడం మొదలుపెట్టాడు. రెండు నిమిషాలైనా కాలేదు, వెనక నుంచి కోచ్ రస్ టోల్‌ఫ్సన్ గొంతు వినిపించింది. పందొమ్మిదేళ్లుగా ఈ జట్టుకు కోచ్. అరవకుండా మాట్లాడటం చేతకాని మనిషి, ఆ పూట మాత్రం గుసగుసగా అడిగాడు.

"వెర్లిన్... ఏం చేస్తున్నావ్?"

"తడుపుతున్నా."

"వాన పడ్డ నేలనా?"

"వాన సమంగా పడలేదు, రస్. అక్కడ తడి, ఇక్కడ పొడి. సమంగా తడిస్తేనే కదా సమంగా ఆరేది."

కోచ్ అతని మొహంలోకి చూశాడు. గొట్టం వైపు చూశాడు. కంచె వారగా, చుట్టినట్టే పడి ఉన్న టార్పాలిన్ వైపు చూశాడు. ముప్ఫై నాలుగేళ్లలో వెర్లిన్ ఒక్కసారి కూడా కప్పడం మరిచిపోలేదు. కోచ్ కళ్లు చెమ్మగిల్లాయి. వెర్లిన్ భుజం మీద చెయ్యి వేసి, చంటిపిల్లవాడి చేతిలోంచి కత్తి తీసుకున్నంత జాగ్రత్తగా గొట్టం తీసుకున్నాడు.

"నువ్వెళ్లి కాసేపు కూర్చో. ఏం ఫర్వాలేదు. ఎవరికైనా ఇలాగే ఉంటుంది."

"ఎలా ఉంటుంది?"

"ఏం లేదులే. కూర్చో."

వెర్లిన్‌కు మైదానం పోతోందన్న దిగులుతో మతి చెడిందని కోచ్ తేల్చుకున్నాడు. తేల్చుకుని ఊరుకుంటే కథ అక్కడే ఆగేది. ఆయన ఓపల్ రెన్సింక్‌కు ఫోన్ చేశాడు. ఓపల్‌కు ఎనభై మూడేళ్లు. బడిలో వంట చేసి రిటైరైంది. మైదానంలో అంపైర్ వెనక వరసలో ఆమె కుర్చీలో ఇంకెవరూ కూర్చోరు, కూర్చుంటే లేపేస్తుంది. ఆమెకు ఒక మాట చెబితే చర్చి గంట కొట్టినట్టే. తొమ్మిదిన్నరకు "వెర్లిన్ తడి నేలకు నీళ్లు పెడుతున్నాడట పాపం" అని బయల్దేరిన మాట, పది గంటలకు "వెర్లిన్ మైదానం మధ్యలో పడుకుని లేవనంటున్నాడట" అయింది. పదింపావుకు ఊరంతా కదిలింది.

బకెట్లతో వచ్చారు. స్పాంజీలతో వచ్చారు. రాలిన ఆకులు ఊదే యంత్రాలు భుజాన వేసుకుని ముప్ఫై ఏళ్ల కిందటి జట్టు కుర్రాళ్లు, ఇప్పుడు బొజ్జలతో, వచ్చారు. ఒకాయన నేలమాళిగలో నీళ్లు తోడే పంపు పట్టుకొచ్చాడు. కాలేజ్ అధ్యక్షుడు డాక్టర్ వెస్ట్‌కాట్, ఉత్తరం మీద సంతకం పెట్టినాయన, మెరిసే బూట్లతో వచ్చి, చేతికి చీపురిస్తే కాదనలేక ఊడవడం మొదలుపెట్టాడు. అందరూ ముందు వెర్లిన్ దగ్గరికొచ్చి, చెయ్యి పట్టుకుని, "మేమున్నాం" అన్నారు. వాళ్లు లేకపోతే బావుండునని అతను ఎలా చెబుతాడు?

చెయ్యగలిగింది చేశాడు. పంపు తెచ్చినాయన్ని, ఎవరూ ఆడని కంచె మూలకు పంపి, అక్కడి నీళ్లు తోడమన్నాడు. "మూల నీళ్లు లాగితే మధ్యలోవి కూడా వస్తాయా? అబ్బ, ఇలాంటివి నీకే తెలుస్తాయయ్యా," అని ఆయన మురిసిపోతూ వెళ్లాడు. దంతెల గదికి తాళం వేసి తాళంచెవి పోయిందన్నాడు. నలుగురు ఇంటికెళ్లి సొంత దంతెలు పట్టుకొచ్చారు. కోచ్ ప్రతి పది నిమిషాలకూ వచ్చి అతని చేతిలో మంచినీళ్ల గ్లాసు పెట్టి వెళ్తున్నాడు.

పదకొండింటికి ఎమెట్ జాండ్ర కనిపించాడు. ఆఖరి సంవత్సరం కుర్రాడు. బంతి పట్టే ఆటగాడే కానీ నాలుగేళ్లలో ఒక్క ఆటా మొదటి నుంచి ఆడలేదు. కంచె పక్కన కూర్చుని, పిచర్ల చేతులు వేడెక్కేదాకా వాళ్లు విసిరిన బంతులు పట్టి ఇవ్వడమే అతని పని. ఇవాళ సీనియర్ల రోజు. సొంత మైదానంలో ఆఖరి ఆటకు ముందు, ఆఖరి సంవత్సరం కుర్రాళ్లు తల్లుల చెయ్యి పట్టుకుని ఎర్రమట్టి మీదుగా నడిచి, వాళ్లకు పువ్వులిస్తారు. ఆ రోజు కోచ్ వాళ్లందరినీ ఆడిస్తాడు. ఎమెట్ కాళ్లకు రక్షణ పట్టీలు అప్పుడే కట్టేసుకున్నాడు. ఆటకు ఇంకా రెండు గంటలుంది.

"మిస్టర్ స్టకీ, ఆట ఉంటుందంటారా?"

"ఏమో, బాబూ. చాలా తడిగా ఉంది."

"మా అమ్మ, నాయనమ్మ డకోటా నుంచి పొద్దున మూడింటికి బయల్దేరారండి. నాయనమ్మ నా ఆట ఎప్పుడూ చూళ్లేదు. నేను ఆడితేగా చూసేది," అని నవ్వాడు. "మీరున్నారుగా. మీరు ఎలాగైనా చేస్తారు."

వెర్లిన్ బూట్ల వైపు చూసుకున్నాడు. ఈ ముక్క క్యాలెండర్ వెనక లెక్కలో లేదు. అయినా గురువారం టోర్నమెంట్‌లో ఆడతాడుగా అని సర్దిచెప్పుకున్నాడు. ఆడడని అతనికి తెలుసు. టోర్నమెంట్‌లో ఎవడూ నాలుగేళ్లు కూర్చున్నవాణ్ని దింపడు. తెలిసి కూడా సర్దిచెప్పుకున్నాడు.

పన్నెండున్నరకు అంపైర్ గ్రోవర్ ప్లమ్ వచ్చాడు. తన పెళ్లిలో కూడా నవ్వలేదని చెప్పుకునే మనిషి. ఎర్రమట్టి మీద అడుగులో అడుగు వేసుకుంటూ తిరిగి, మడమతో నొక్కి చూసి, ఆశ్చర్యపోయాడు.

"ఎంత వాన పడిందయ్యా, ఎలా ఆరబెట్టారయ్యా! ఒంటిగంటకు మొదలుపెట్టొచ్చు. మూడో బేస్ దగ్గర కాస్త చిత్తడిగా ఉంది, అక్కడ పొడి మట్టి చల్లండి, చాలు."

చప్పట్లు మోగాయి. వెర్లిన్ కూడా కొట్టాడు, కొట్టకపోతే బావుండదు కనుక. అతని మూడు రోజులు కళ్లముందే ఆవిరైపోతున్నాయి. సరిగ్గా అప్పుడే ఓపల్ మేనల్లుడి ట్రక్కు గేటు దాటి లోపలికొచ్చింది. వెనక నలభై సంచులు.

చిన్న కాలేజీల్లో తడి నేల మీద చల్లడానికి ఖరీదైన మట్టి కొనరు. కొట్లో దొరికే పిల్లి ఇసుక కొంటారు. ఇళ్లలో పిల్లులు దొడ్డికి కూర్చునే పెట్టెల్లో పోస్తారే, అది. అయోవాలో ఇది అందరికీ తెలిసిన కిటుకే. అయితే అందులో రెండు రకాలు. మామూలు రకం నీళ్లు తాగి ఊరుకుంటుంది. రెండోది తడి తగిలితే ముద్దకట్టి బిగుసుకుపోతుంది. పిల్లి పెట్టెలో అదొక సౌకర్యం. బేస్‌బాల్ మైదానంలో అది సిమెంటు.

"మామూలుది లేదన్నాడయ్యా," అంది ఓపల్, ట్రక్కు దిగుతూ. "మన వెర్లిన్‌కి మామూలుదేంటి, మంచిదే ఇవ్వమన్నాను. లావెండర్ వాసన కూడా ఉంది, చూడు."

వెర్లిన్ ఒక సంచి తిప్పి చదివాడు. 'క్షణాల్లో గట్టి గడ్డ!' అని పెద్ద అక్షరాల్లో ఉంది, పక్కన సంతోషంగా ఒక పిల్లి బొమ్మ. చుట్టూ డెబ్భై మంది నిలబడి అతని నోటి వైపే చూస్తున్నారు. మట్టి విషయంలో ఆ ఊళ్లో అతని మాటే శాసనం. అధ్యక్షుడు కూడా చీపురు ఆపి చూస్తున్నాడు.

"చెప్పు నాయనా, మూడో బేస్ దగ్గర ఒక్క సంచి వేస్తే చాలా?" అంది ఓపల్.

ఒక్క మాట. కాదు, ఇది పనికిరాదు, వెనక్కి తీసుకెళ్లండి అంటే అయిపోయేది. ఎమెట్ అక్కడే నిలబడి ఉన్నాడు. వెర్లిన్ అటు చూడలేదు.

"మొత్తం వెయ్యండి," అన్నాడు. "అంతటా."

జనం సంచుల మీద పడ్డారు. చించి, పోసి, చీపుర్లతో, దంతెలతో, చేతులతో పరిచారు. పదిహేను నిమిషాల్లో ముప్ఫై ఎనిమిది సంచులు ఖాళీ. ఎర్రమట్టి బూడిద రంగుకు తిరిగింది. ఊరంతా పెళ్లివారి స్నానాలగది వాసన. మార్‌బరీ జట్టు బస్సు దిగి ముక్కులు ఎగబీల్చుకుంటూ చూస్తోంది.

అంతలో కోచ్ గదిలోంచి ఫోన్ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఆయన పరిగెత్తడం ఎవరూ చూసి ఉండరు.

"ఓస్‌గుడ్ ఓడిపోయింది! ఏడు, మూడు! పదకొండింటికి మొదలైన ఆట, ఇప్పుడే అయింది! వెర్లిన్, మనం ఆరో స్థానం! ఇవాళ గెలిచినా, ఓడినా, ఆడినా, మానినా మనదే ఆరో స్థానం!"

జనం ఒకరిమీద ఒకరు పడి కావలించుకున్నారు. కోచ్ వెర్లిన్‌ను పైకెత్తబోయి నడుం పట్టేసి దించేశాడు. వెర్లిన్‌కు ఒక్క క్షణం మనసంతా వెలుగు నిండింది. సోమ, మంగళ, బుధ. అడగకుండానే ఇచ్చేశారు. పొద్దున్నే వచ్చి టార్పాలిన్ కప్పి ఉన్నా ఇచ్చేవారే. ఆ ఆలోచన తగలగానే మొహం పాలిపోయింది. కిందికి చూశాడు. బూటు చుట్టూ బూడిద రంగు ముద్ద చిన్నగా ఉబ్బుతోంది.

"ఆపండి! ఆపండి, వెయ్యకండి! తియ్యండి, అంతా తీసెయ్యండి!" అని కేకలు పెట్టాడు.

"ఆనందం పట్టలేకపోతున్నాడు," అంది ఓపల్, కళ్లు తుడుచుకుంటూ. అందరూ మళ్లీ చప్పట్లు కొట్టారు.

అప్పుడు నాలుగు చినుకులు పడ్డాయి. నిజంగా నాలుగే. మామూలు రోజైతే ఎవరూ టోపీ కూడా సర్దుకోరు. వెర్లిన్ మాత్రం అరవై ఆరేళ్ల మనిషి, ఇరవై ఏళ్ల కుర్రాడిలా కంచె దగ్గరికి పరిగెత్తాడు. "టార్పాలిన్! అందరూ రండి, పట్టండి, పట్టండిరా!" రెండు జట్లూ వచ్చి పట్టాయి. అధ్యక్షుడు కూడా ఒక అంచు పట్టాడు. అంత నీటుగా ఆ టార్పాలిన్ ఎప్పుడూ పరుచుకోలేదు. పరుచుకుని, కింద ఉన్న ముద్దకు కరుచుకుపోయింది. చినుకులు ఆగాక తీద్దామని అరవై మంది లాగితే మధ్యకు చిరిగి, సగం చేతుల్లోకి వచ్చింది, సగం రెండో బేస్ దగ్గరే ఉండిపోయింది.

గ్రోవర్ ప్లమ్ పరిశీలించడానికి లోపలికి నడిచాడు. నాలుగో అడుగులో ఎడమ బూటు ఉండిపోయింది, మేజోడుతోనే ముందుకు కదిలాడు. ఆరో అడుగులో మేజోడు కూడా ఉండిపోయింది. ఒంటికాలి మీద నిలబడి, టోపీ తీసి, ఎంతో మర్యాదగా ప్రకటించాడు.

"మైదానం ఆటకు పనికిరాదు. ఆట రద్దు."

తర్వాత జరిగింది తల్చుకోవడం వెర్లిన్‌కు ఇప్పటికీ ఇష్టం ఉండదు. సీనియర్ల నడక ఎర్రమట్టి మీద కుదరలేదు కాబట్టి కార్లు నిలిపే చోట పెట్టారు. పదకొండు మంది కుర్రాళ్లు తల్లుల చేతులు పట్టుకుని, రెండు కార్ల వరసల మధ్యనుంచి నడిచారు. ఎమెట్ కాళ్ల పట్టీలు విప్పలేదు. అడుగేసినప్పుడల్లా అవి టకటకమన్నాయి. నాయనమ్మ, పొట్టి మనిషి, ఆట ఇదేననుకుందో ఏమో, ఆగకుండా చప్పట్లు కొట్టింది.

డాక్టర్ వెస్ట్‌కాట్ మైకు తీసుకుని, ఎన్నో ఏళ్ల సేవకు గుర్తుగా వెర్లిన్ స్టకీకి ఒక ఫలకం ఇస్తున్నామన్నాడు. "ఈ ఆఖరి ఆటను కాపాడటానికి ఆయన పడ్డ తాపత్రయం ఇవాళ మనమంతా కళ్లారా చూశాం," అన్నాడు. వెర్లిన్ ఏడ్చాడు. ఫలకం పట్టుకుని, అంతమంది ముందు, మొహం దాచుకోకుండా ఏడ్చాడు. ఆ ఏడుపు ఎందుకో తెలిసిందనుకుని ఊరంతా ఏడ్చింది. ఎమెట్ వచ్చి చెయ్యి కలిపాడు.

"మీరు చెయ్యగలిగిందంతా చేశారండి," అన్నాడు.

"అవును బాబూ," అన్నాడు వెర్లిన్. అంతకంటే నిజమైన మాట ఆ రోజు అతని నోటి నుంచి రాలేదు.

అందరూ వెళ్లాక ఆటగాళ్ల బెంచీ మీద కోచ్ ఒక్కడే కూర్చున్నాడు. వెర్లిన్ వెళ్లి పక్కన కూర్చుని మొత్తం చెప్పేశాడు. టార్పాలిన్, కొళాయి, దంతెల తాళం, సంచి మీద పిల్లి, అంతా. చెప్పేసి, కోచ్ తిడతాడని ఎదురుచూశాడు. తిడితే బావుండును.

కోచ్ బూడిద రంగు నేల వైపు చూశాడు.

"పొద్దున ఐదింటికి ఇటుగా వచ్చా," అన్నాడు. "వాన అప్పుడే మొదలవుతోంది. టార్పాలిన్ చుట్టినట్టే పడి ఉంది. నేనూ, నలుగురు కుర్రాళ్లూ కప్పేస్తే ఐదు నిమిషాల పని."

"మరి?"

"ఇంటికెళ్లి కాఫీ పెట్టుకున్నా."

వెర్లిన్ అతని వైపు తిరిగాడు. "లెక్క వేశావా?"

"నువ్వు ఎన్నిసార్లు వేశావో నేనూ అన్నిసార్లు వేశా. తర్వాత నిన్ను ఆ గొట్టంతో చూశా. నాకు సిగ్గేసింది, వెర్లిన్. నేను ఓటమికి భయపడి ఇంట్లో కూర్చుంటే, ఈ మనిషి దుఃఖంతో మతి పోగొట్టుకున్నాడే అని. అందుకే ఓపల్‌కి ఫోన్ చేశా. ఎలాగైనా ఆడిద్దామనుకున్నా."

లావెండర్ వాసన గాలిలో ఇంకా తగ్గలేదు.

"ఎమెట్‌కి చెబుదామా?" అన్నాడు వెర్లిన్.

"చెబితే ఎవరికి తేలిక? మనకా, వాడికా?"

ఎమెట్‌కు వాళ్లు ఎప్పటికీ చెప్పనే లేదు. ఆ కుర్రాడు ఇప్పుడు డకోటాలో ఒక బడిలో లెక్కలు చెబుతున్నాడట.

సోమవారం నేల రాయైంది. గునపం వేస్తే నిప్పురవ్వలు లేచాయి. సోమ, మంగళ, బుధవారాలు కుర్రాళ్లు వ్యాయామశాలలో, చెక్క నేల మీద, పరుపులు పరుచుకుని సాధన చేశారు. ఆ మూడు రోజులూ వెర్లిన్ ఒక్కడే మైదానంలో కూర్చుని, ఉలీ సుత్తీ పెట్టి అంగుళం అంగుళం కొట్టాడు. ఎందుకని ఎవరైనా అడిగితే, అలవాటు అన్నాడు. బుధవారం సాయంత్రానికి అంపైర్ బూటు దొరికింది. దాన్ని కడిగి, పోస్టులో పంపాడు.

టోర్నమెంట్‌లో లటర్‌మన్ గురువారం ఓడింది, శుక్రవారం ఓడింది. రెండోసారి మార్‌బరీ చేతిలోనే, పద్నాలుగు, సున్నా. ఎమెట్ రెండు రోజులూ కంచె పక్కన కూర్చుని పిచర్ల బంతులు పట్టాడు. వెర్లిన్ జీవితంలో మొదటిసారి టిక్కెట్టు కొని, మెట్ల మీద కూర్చుని ఆట చూశాడు. ఆ మైదానాన్ని చూసుకోవడానికి అక్కడివాళ్ల మనిషి ఉన్నాడు. గీతలు కొంచెం వంకరగా గీశాడు. వెర్లిన్ ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం పత్రికలో కాన్ఫరెన్స్ పట్టిక ఆఖరిసారి వేశారు. వచ్చే ఏడాది నుంచి అందులో ఎనిమిది పేర్లే ఉంటాయి. నడీన్ కత్తెరతో జాగ్రత్తగా కత్తిరించి, ఫలకం పక్కన గోడకు అంటించబోతూ ఆగింది.

"ఆరో స్థానం, లటర్‌మన్," అని చదివింది. "మిగతా కాలేజీలన్నీ ఇరవై నాలుగు ఆటలు ఆడాయి. మనవాళ్లకీ, ఆ మార్‌బరీ వాళ్లకీ ఇరవై మూడే వేశారేంటి, వెర్లిన్?"

"వాన," అన్నాడు వెర్లిన్.